ఊదితే కనిపించే గీత

మా అత్తయ్యకు వేళ్ళ కణుపులు లావెక్కాయి. సబ్బు రాసి, నూనె రాసి, చివరికి నన్ను తిట్టి, ఎలాగైతేనేం ఉంగరం ఊడదీశారు. అది వాళ్ళ అత్తగారిది. ఇప్పుడు నాకిచ్చారు, ఒక్క షరతు మీద.

"దీన్ని కోయించి చిన్నది చేయిస్తే ఊరుకోను. మా అత్తగారు ఎలా ఇచ్చారో అలాగే నలభై ఏళ్ళు పెట్టుకున్నాను. నిప్పు తగల్లేదు, ఆకురాయి తగల్లేదు."

"నా వేలికి వదులు కదా అత్తయ్యా!"

"దారం చుట్టుకో. వద్దంటే ఇప్పుడే చెప్పు, ఆదివారం మా అమ్మాయి వస్తుంది. దానివి అచ్చం నా వేళ్ళే."

నాకా ఉంగరం కావాలి. పైన చిన్న ఆకు, ఆకు మీద ఆవగింజంత ఎర్రరాయి. పదకొండేళ్ళుగా ఆవిడ కూరలు తరుగుతూ నాకు పాఠాలు చెబుతుంటే, ఆ రాయి మెరుపు చూస్తూ ఎదురుమాటలు మింగాను. నా ఓపికలో సగం దాని చలవే.

అందుకని దారం చుట్టాను. సోమవారం కలిపిన పిండిలో ఉంగరం దొరికింది. మంగళవారం ఉతికిన చొక్కా జేబులో. బుధవారం సింకు కింద గొట్టం విప్పాల్సి వచ్చింది. మా ఆయన బకెట్ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని, "ఇంతకీ ఉంగరం నీకిచ్చిందా, ఇంటికిచ్చిందా మా అమ్మ?" అన్నారు.

గురువారం కంసాలి దగ్గరికి వెళ్ళాను.

ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, ఉంగరాన్ని తిరగేసి, నోటి దగ్గర పెట్టుకుని "హా" అని ఊదాడు.

"ఇక్కడ చూడండమ్మా."

ఆవిరి పట్టిన బంగారం మీద, అడుగున, వెంట్రుకంత గీత. ఆవిరి ఆరగానే మాయమైంది.

"పాత అతుకు. ఇదివరకే ఒకసారి కోసి చిన్నది చేశారు. గీత మీద కూడా చుట్టుపక్కల ఎంత అరిగిందో అంతే అరిగింది. అంటే కోశాకే ఇన్నేళ్ళూ వేలికి ఉంది."

నిప్పు తగలని ఉంగరమట! నాకు నవ్వు ఆగలేదు.

"అక్కడే కోస్తాను. అతుకు ఒక్కటే ఉంటుంది, మీ ఇంట్లో ఎవరికీ తెలీదు."

"తెలియకూడదని మీకెవరు చెప్పారు?"

"వచ్చినప్పట్నుంచీ మూడుసార్లు గుమ్మం వైపు చూశారు కదమ్మా."

ఆదివారం ఆడపడుచు వచ్చింది. వస్తూనే నా చెయ్యి పట్టుకుని, ఉంగరం లాగి, తన వేలికి తొడగబోయింది. కణుపు దగ్గర ఆగిపోయింది.

"అమ్మా, పోయినేడు నాకు పట్టిందే!"

నా గుండె జారి కాళ్ళ దగ్గర పడింది. అత్తయ్య ఉంగరం తీసుకున్నారు. వెలుతురు వైపు తిరిగారు. అడుగు భాగాన్ని నోటి దగ్గర పెట్టుకుని "హా" అని ఊదారు.

జారిన గుండె తిరిగి తన చోటుకొచ్చింది. సరిగ్గా ఎక్కడ ఊదాలో ఆవిడకు ఎవరు చెప్పారు?

"ఏమైనా కనిపిస్తోందా అత్తయ్యా?" అన్నాను, వీలైనంత అమాయకంగా.

ఆవిడ నన్ను చూశారు. గీతను చూశారు. ఒక్కటే గీత. అది ఎవరు కోయించారని అడగాలన్నా, ముందు తను కోయించిన సంగతి చెప్పాలి.

"మురికి," అని తుడిచేశారు. కూతురి వైపు తిరిగి, "నీ వేళ్ళు లావెక్కాయే. ఈ ఉంగరం ఎప్పుడూ ఇంతే," అని నా చేతిలో పెట్టారు.

"నేనేం లావెక్కలేదు!" అని ఆ పిల్ల వెళ్ళేదాకా మూతి ముడుచుకునే ఉంది.

కూతుర్ని సాగనంపి అత్తయ్య నేరుగా వంటింట్లోకి వచ్చారు.

"కోసిన ముక్క ఏది?"

"ఏ ముక్క అత్తయ్యా?"

"చాల్లే నటన. తే."

పర్సులోంచి తీసిచ్చాను. ఆవిడ బొత్తాల డబ్బా తెరిచి, అడుగునుంచి పచ్చబడిన కాగితం పొట్లం విప్పారు. అందులో ఇంకో బంగారు ముక్క. రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, చాలాసేపు చూశారు.

"నాదే పెద్దది," అన్నారు, గెలిచినట్టు.

"మీరు పెద్దవారు మరి."

"వాడికి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. నీ మొగుడి నోట్లో మాట ఆగదు," అంటూ రెండు ముక్కల్నీ ఒకే పొట్లంలో పెట్టి మడత వేశారు.