బిడ్డల్లేని యశోదమ్మ

కుప్పం ఆసుపత్రి మానసిక వార్డులో మునీశ్వరి సిస్టర్ చెప్పే మధ్యాహ్నం పాఠానికి మంచి పేరుండేది. రోగుల వెంట వచ్చిన వాళ్ళనూ, నర్సింగు చదివే ఆడపిల్లలనూ వరండాలో కూర్చోబెట్టి గొంతు చించుకుని చెప్పేది.

"ఇది గాలీ కాదు, దయ్యమూ కాదు, ఎవురో చేసిన పాపమూ కాదప్పా. మెదడులో ఊరే రసాలు ఎచ్చుతగ్గులైతే వచ్చే జబ్బు. సక్కెర జబ్బు ఉండాదని ఎవురన్నా తల దించుకుంటారా? మీ రక్తంలో ఇంకెవురికన్నా ఇట్లాంటిది వచ్చుంటే దాచొద్దండి. వాళ్ళకి ఏ మాత్ర పనిచేసిందో, ఈ మనిషికీ అదే పనిచేయొచ్చు."

వినేవాళ్ళు తలలూపేవారు. ఎవరి దగ్గరో తెచ్చిన తాయెత్తు చేతికి కట్టుకున్న తల్లులు కూడా ఆ కాసేపు దాన్ని కొంగు కింద దాచుకునేవారు. చెప్పేవి శ్రీరంగనీతులని వాళ్ళకేం తెలుసు పాపం!

పదేళ్ళ కిందట తొలి కాన్పుకు పుంగనూరులో పుట్టింటికి వెళ్ళినప్పుడు మునీశ్వరికే మతి చలించింది. నిద్ర లేదు, తిండి లేదు. పసిబిడ్డను ఉయ్యాల్లో వదిలేసి, తానే అమ్మవారినని వీధిలో పాటలు పాడుతూ తిరిగింది. తల్లి యశోదమ్మ, తండ్రి ఈశ్వరప్ప ఆమెను జీపులో పడుకోబెట్టి మదనపల్లెలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన ఇచ్చిన లిథియం మాత్రలతో మనిషి మళ్ళీ మనిషైంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని, అత్తగారింటికి మాత్రం బాలింత జ్వరమని కబురు పంపింది యశోదమ్మ. ఆ అబద్ధాన్ని పదేళ్ళూ కంటికి రెప్పలా కాచింది కూడా ఆమే.

2003 వేసవిలో ఆ యశోదమ్మకే వచ్చింది జబ్బు. రాత్రింబవళ్ళు మేలుకొని మాట్లాడటం, ఇంట్లో గిన్నెలన్నీ వీధిలో పంచిపెట్టడం, అడ్డొచ్చిన వాళ్ళను తిట్టడం. ఈశ్వరప్పకు తెలిసిన మంచి ఆసుపత్రి ఒక్కటే, కూతురు పనిచేసేది. భార్యను బస్సెక్కించుకుని నేరుగా కుప్పం వచ్చేశాడు.

వార్డు గుమ్మంలో చెదిరిన జుట్టుతో, చిరిగిన రవికతో పాడుతున్న తల్లిని చూసి మునీశ్వరి గడప లోపలే ఆగిపోయింది. పక్కనే నర్సింగు పిల్లలున్నారు. వాళ్ళలో హేమలత అనే పిల్ల అడిగింది, "తెలిసినోళ్ళా సిస్టర్?"

"మా పుంగనూరోళ్ళు. పక్కింటోళ్ళు," అంది మునీశ్వరి.

ఆ మాట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. ఈశ్వరప్ప ఒకసారి కూతురి ముఖంలోకి చూసి తల దించుకున్నాడు. యశోదమ్మ పాట ఆపింది. కూతురిని కిందికీ పైకీ చూసి పకపకా నవ్వింది. "అవునమ్మా, పక్కింటోళ్ళమే. నీ పేరేంది నర్సమ్మా?"

ఆ రోజు నుంచి అదే పిలుపు. అది విన్నప్పుడల్లా మునీశ్వరి మొదట్లో ముఖం తిప్పుకునేది. తర్వాత, జబ్బులో ఉన్న మనిషి, మెదడు అదుపులో లేదు, నన్ను గుర్తుపట్టలేదు, అంతే కదా అనుకుంది. అనుకుని, సిగ్గులేకుండా కాస్త ఊపిరి కూడా పీల్చుకుంది. ఎంత చదువు చదివినా సరైన సమయానికి అక్కరకు రావాలంటారు, ఈ రకంగా వచ్చింది ఆమె చదువు.

యశోదమ్మ నోట్లో నువ్వుగింజ నానడం లేదు. పక్కింటి చౌడమ్మ ఎవరి కోడిని కోసుకు తిన్నదో చెప్పింది. మొగుడు పెళ్ళికి ముందు ఎవరి వెంట తిరిగాడో అతని ఎదుటే చెప్పింది. వార్డంతా పుంగనూరు గుట్టు విని నవ్వుకుంటుంటే, మునీశ్వరి మందుల ట్రే పట్టుకుని ఇప్పుడో ఇంకాసేపటికో తన వంతు వస్తుందని ఆ మంచం దాటి గబగబా వెళ్ళిపోయేది. రాలేదు.

జబ్బు మాత్రం తగ్గలేదు. ఇచ్చిన మందులకు చేతులు వణకడం మొదలైంది, నోటి వెంట చొంగ కారింది, మెడ బిగిసిపోయింది. మాటల వరద అట్లానే ఉంది. పెద్ద డాక్టరు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"ఈ మందు ఈమెకు పడటం లేదు. ఈమె రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఇట్లాంటిది వచ్చిందా? ఏ మందుతో తగ్గింది? అది తెలిస్తే మనకు దారి దొరుకుతుంది," అని ఈశ్వరప్పను అడిగాడు.

ఈశ్వరప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మునీశ్వరి తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"మాకెవురూ లేరు నాయనా," అంది యశోదమ్మ, వణికే చేతిని పక్క కింద దాచుకుంటూ. "నాకు బిడ్డల్లేరు. పుట్టనే లేదు."

డాక్టరు గదిలోకి వెళ్ళగానే మునీశ్వరి వెనకే వెళ్ళి తలుపేసింది. "ఆమె మా అమ్మ సార్. నాకు కాన్పైనాక ఇదే వచ్చింది. లిథియంతో బాగైనాను." చెప్పేసి, చేతులు జోడించింది. "ఎవురికీ చెప్పొద్దండి సార్. మా అత్తగారింట్లో తెలీదు."

డాక్టరు కేసు కాగితం ముందుకు లాక్కుని లిథియం అని రాసుకున్నాడు. "రోజూ వరండాలో చెప్పేది మీరే కదా సిస్టర్," అన్నాడు. అంతకంటే ఒక చెంపదెబ్బ కొట్టుంటే బాగుండేదనిపించింది ఆమెకు.

రక్తపరీక్షలు చేసి మందు మార్చారు. మెల్లగా యశోదమ్మకు నిద్ర పట్టింది. మాట నెమ్మదించింది. తన జడ తానే వేసుకుంది. చిరిగిన రవికను దారం అడిగి కుట్టుకుంది. ఆమె తేరుకునే కొద్దీ మునీశ్వరికి భయమూ ఆశా రెండూ పెరిగాయి. మతి కుదిరితే అమ్మ నన్ను గుర్తుపడుతుంది, అందరి ముందూ పాపా అని పిలుస్తుంది, నేను నోరు తెరిచే పని లేకుండానే నిజం బయటపడుతుంది అనుకుంది. తాను దించాల్సిన బరువును కూడా ముసలి తల్లే దించాలి కాబోలు!

ఇంటికి పంపే రోజు డాక్టరు అడిగిన ప్రతిదానికీ యశోదమ్మ సరిగ్గా జవాబిచ్చింది. ఏ వారమో చెప్పింది, పొద్దున ఏం తిన్నదో చెప్పింది. నర్సింగు పిల్లలు సాగనంపడానికి గుమ్మం దగ్గర చేరారు. యశోదమ్మ మునీశ్వరి ముందు నిలబడి చేతులు జోడించింది.

"పోయొస్తా నర్సమ్మా. నీకు పుణ్యముంటాది."

ఆ కళ్ళు తేటగా ఉన్నాయి. మునీశ్వరికి అప్పుడు తెలిసింది. మొదటి రోజే అమ్మ తనను గుర్తుపట్టింది. ఊరందరి గుట్టూ బయటపెట్టిన నోరు, మెదడు కుతకుత ఉడుకుతున్నప్పుడు కూడా, ఆ ఒక్క మాటను లోపలే పట్టుకుంది. జబ్బు వల్ల మరిచిపోయిందని తాను ఊపిరి పీల్చుకున్నది మరుపు కాదు, కూతురి గుట్టు కాయడం. నిలబడిన చోటే నేల తనను మింగేస్తే బాగుండుననిపించింది మునీశ్వరికి.

"హేమా," అంది, ఆ పిల్ల వైపు తిరిగి. "ఈమె మా అమ్మ. నన్ను కన్న తల్లి. నాకూ ఈ జబ్బు వచ్చింది. ఇదే మాత్ర మింగి బాగైనాను."

పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. యశోదమ్మ ముఖం పాలిపోయింది.

"లేదమ్మా, లేదు! ఆయమ్మ మనసు మంచిది, సేవ చేసిన ముసలోళ్ళనంతా అమ్మే అంటాది. నాకు బిడ్డల్లేరు. కావాలంటే డాక్టరునే అడగండి!" అని, మొగుడి చెయ్యి పట్టుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

మర్చిపోయిన గుడ్డసంచి తీసుకుని మునీశ్వరి వెనకే పరుగెత్తింది. బస్టాండు దారి పొడుగునా "అమా... అమా..." అని పిలుస్తూనే ఉంది. యశోదమ్మ వెనక్కి తిరగలేదు. నర్సు డ్రస్సులో ఉన్న బిడ్డ తన వెంట వస్తుంటే ఎవరైనా చూస్తారేమోనని ఇంకా వేగంగా నడిచింది.