పచ్చరాయి పాతిన చోటు

జగన్నాధం గట్టురాయిని పెకలించి అమ్ముకున్నాడని తెలిసిన రోజున ఈశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్ముకున్నది చాలక, ట్రాక్టరు పెట్టి గట్టుతో సహా తన పొలం చెక్కనూ, పక్కనున్న ఆమె చెక్కనూ ఏకంగా దున్నించేశాడు. అతను ఆమెకు స్వయానా బావ, చచ్చిపోయిన మొగుడికి అన్న. వాటాలు పంచి ఆ రాయి పాతించిన మామగారూ పోయి చాలా కాలమైంది. ఇక అడిగే దిక్కెవరనుకున్నాడు కాబోలు.

అది మామూలు రాయి కాదు. పాతపట్నం చుట్టుపక్కల గట్ల మీద ఎక్కడ చూసినా నల్లరాళ్లే. ఇదేమో తెల్లటి బండ, దాని నిండా బొటనవేలంత లావున నాలుగు పలకల పచ్చటి కడ్డీలు, సీసాపెంకుల్లా మెరుస్తూ ఉండేవి. పిల్లలు వాటిని పీకబోతే మామగారు కర్ర పుచ్చుకుని తరిమేవాడు. విశాఖపట్నం నుంచి త్రినాథ్ అనే రాళ్ల వ్యాపారి వచ్చి, దాన్ని వెసువియనైట్ అంటారని, ఇటలీలో ఏదో అగ్నిపర్వతం పేరు మీద ఆ పేరొచ్చిందని, గాజు బీరువాల్లో రాళ్లు దాచుకునేవాళ్లు దీనికోసం ఎగబడతారని చెప్పేసరికి జగన్నాధానికి నోరూరింది.

పోనీ, రాయి పోతే పోయింది. నేల కూడా మింగెయ్యాలా?

"రాయి ఉన్నది జీడిసెట్లకి అవతల. నీ మొగుడు నా బూమిలో మొక్కలెట్టాడు. తమ్ముడు గదాని ఊరుకున్నాను," అన్నాడు జగన్నాధం, అదురూ బెదురూ లేకుండా.

ఆ జీడిచెట్ల వరుసను ఈశ్వరీ, మొగుడూ బిందెలతో నీళ్లు మోసి పెంచారు. ఈ ఏడే తొలికాపు. అవి పోతే ఆ మెట్ట చెక్కలో ఆమెకు మిగిలేది మట్టీ, ముళ్లూ. కొలతకు అర్జీ పెట్టుకుంటే ఇవాళ రేపు అంటున్నారు. ఊరి పెద్ద చినబాబు దగ్గరికి వెళితే, "ఆనవాలు లేకుండా నేనేటి సెప్పగలనే," అని నసిగాడు. ఈశ్వరి అన్నం కూడా సయించక కుతకుతలాడిపోయింది.

ఆవేళ పొద్దున్న ఆమె చెట్ల కింద గడ్డి కోస్తుంటే చేను పక్కన జీపు ఆగింది. త్రినాథ్ దిగాడు. వెనకాల గునపాలతో ఇద్దరు కూలీలు. ముందు కొత్త పెళ్లికొడుకులా జగన్నాధం. ఈశ్వరి కొడవలి అక్కడే పడేసి పరిగెత్తింది. టీ కొట్టు దగ్గర కూర్చున్న చినబాబును లేవదీసుకొచ్చింది.

"ఇలాంటి రాయి ఒంటరిగా ఉండదు," అంటున్నాడు త్రినాథ్. "భూమి లోపల సున్నపురాయికి వేడి తగిలిన చోట పుడుతుంది. ఒకటి దొరికిందంటే కింద ఇలాంటి రాళ్ల గూడే ఉంటుంది. సరిగ్గా ఎక్కడ తీశారో చూపించండి."

జగన్నాధం చినబాబు వైపు ఓరగా చూసి, చెట్ల వరుస దాటి ఈశ్వరి చేలోకి నడిచాడు. "ఇక్కడే," అని కాలితో తన్ని చూపించాడు. ఆ తన్ను తన గుండెల మీదే పడ్డట్టు ఉలిక్కిపడింది ఈశ్వరి. కూలీలు తవ్వారు. ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు.

త్రినాథ్ విసుక్కున్నాడు. "సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. గూడు దొరికితే అందులో సగం మీది. లేదంటే నేను జీపెక్కి నా దారిన పోతాను."

సగం అనగానే జగన్నాధం కాళ్లు నిలవలేదు. చెట్ల వరుస దాటి వెనక్కి, తన చెక్క అంచుకి వచ్చేశాడు. "ఇక్కడ బాబూ. నా సేత్తో నేనే పెకిలించాను. ముమ్మాటికీ ఇక్కడే."

చినబాబు తలెత్తి చూశాడు. ఈశ్వరి నోరు తెరవబోయి ఆగిపోయింది. ఆ చోట గునపం దిగుతుంటే ఎప్పుడో మరిచిపోయిన సంగతి గుర్తొచ్చింది. రాయి పాతిన రోజు బొగ్గుల గంప నెత్తిన పెట్టుకుని తెచ్చింది తనే. అప్పటికి కొత్త కోడలు. జగన్నాధం ఖరగ్‌పూర్‌లో పనికి పోయి ఊళ్లోనే లేడు. ఇన్నాళ్లూ రగిలిపోవడమే తప్ప ఆ గంప సంగతి తట్టలేదే అని తన మీద తనకే ఒళ్లు మండింది. తవ్వనీ, అనుకుంది.

నడుం లోతున గునపం కింద ఏదో కరకరలాడింది. త్రినాథ్ ఆత్రంగా గోతిలోకి దిగి చేతులతో మట్టి తోడాడు. బొగ్గులు. గంపెడు బొగ్గులు.

"ఇవేమిటి?" అన్నాడు, నల్లబడిన చేతులు చూసుకుంటూ.

"గట్టురాయి కింద బొగ్గులేసేవోరు బాబూ," అన్నాడు చినబాబు. "బొగ్గు మట్టిలో కలవదు, సెద పట్టదు. రాయి పోయినా గట్టు ఎక్కడో తెలియాలని. ఇప్పుడెవులూ ఎయ్యడం లేదు. ఇక్కడేసినారని నాకూ తెల్దు." జగన్నాధం వైపు తిరిగాడు. "నోటితో నువ్వే సెప్పినావు, సేత్తో నువ్వే సూపించినావు. ఇంకేటంటావురా?"

జగన్నాధం తువ్వాలు తీసి దులుపుకుంటూ జీపు వైపు చూశాడు.

"అంటే రాయి ఇక్కడ పుట్టలేదా? ఎక్కడినుంచో తెచ్చి పాతారా?" త్రినాథ్ గోతిలోంచి పైకి ఎగబాకాడు. "ఎక్కడినుంచి తెచ్చారు?"

"మా మావ బండి కట్టుకుని తెచ్చాడు. ఏ కొండో నాకు తెలుసు," అంది ఈశ్వరి.

"చెప్పమ్మా. మీరెంతంటే అంత."

"ఆ రాయి తెచ్చి ఇక్కడ నిలబెట్టు. సెప్తాను."

"అది జర్మనీ వెళ్లిపోయిందమ్మా."

"అయితే ఆ కొండ కూడా ఎల్లిపోయినాది. జీపెక్కు."

త్రినాథ్ ఇంకా ఏదో బతిమాలబోయాడు గానీ ఆమె కళ్లు చూసి మానుకున్నాడు. జీపు వెళ్లిపోయింది. దాని దుమ్ములోనే జగన్నాధం కూడా జారుకోబోయాడు.

"ఏటి బావా, పోతన్నావు? గెడ్డలో నీళ్ల పక్కన నల్లరాళ్లున్నాయి. ఒకటి బుజానికెత్తి తే. పాతినాక ఇంటికెల్దువు గాని."

"నువ్వేటి నాకు సెప్పడం?"

"సెప్తన్నాను. నువ్వు తెచ్చినదాకా ఇక్కడే కూకుంటాను. ఊరంతా వచ్చి సూస్తాది."

ఈశ్వరి గోతిలోకి దిగి బొగ్గుల మీద చతికిలపడింది. మామగారి పచ్చరాయి ఇక రాదు. ఆ సంగతి తలుచుకోగానే కోపంలోంచే ఏడుపు తన్నుకొచ్చింది. మసి చేతులతోనే కళ్లు తుడుచుకుంది.

"ఎల్లరా," అన్నాడు చినబాబు.

జగన్నాధం తువ్వాలు నెత్తికి చుట్టుకుని గెడ్డ వైపు నడిచాడు. రాయి వచ్చేదాకా ఈశ్వరి ఆ గోతిలోంచి లేవలేదు.