ప్రభువునందు నిందించెను

రిబ్కమ్మ సమాధి రాయి మంచిర్యాల నుంచి ట్రాలీ ఆటోలో వచ్చి నస్పూర్‌లోని ఆమె ఇంటి ముందు ఆగింది. పైన కప్పిన గోనెపట్టా తీసి కొడుకు స్టీఫెన్ చదివాడు. పేరు సరిగ్గానే ఉంది. తేదీలూ సరిగ్గానే ఉన్నాయి. కింద ‘ప్రభువునందు నిద్రించెను’ అని ఉండాల్సిన చోట మాత్రం, బంగారు రంగు పూసిన ముద్దులొలికే అక్షరాల్లో, ‘ప్రభువునందు నిందించెను’ అని ఉంది.

తెల్లారితే రిబ్కమ్మ పోయి ఏడాదైన జ్ఞాపకార్థ కూడిక. సంఘమంతా సమాధుల తోటకు వస్తుంది. స్టీఫెన్ ఫోన్ చేస్తే రాయి చెక్కిన నాగరాజు బండి మీద ఉరికొచ్చాడు. మిషను చప్పుడులో ఫోన్ మాట అలాగే వినబడిందన్నాడు. అనుమానం రాలేదా, మళ్లీ ఒకసారి అడగాలని తోచలేదా అని స్టీఫెన్ గద్దించాడు.

“అనుమానం ఎందుకస్తది అన్నా? అవ్వ సంగతి నాకు ఎరుకే గదా. ఉన్నది ఉన్నట్టు రాపిస్తున్నరని సంబురపడ్డ.”

నాగరాజు కొట్టు బస్టాండు దారిలోనే. ఒకసారి రిబ్కమ్మ అటు పోతూ, రాతి దుమ్ములో తెల్లగా మారిన అతని మొహం చూసి ఆగిందట. ఇట్లే దుమ్ము మింగుకుంటూ కూర్చో, ఆఖరుకు నీ పేరు నువ్వే చెక్కుకోవచ్చు అని బజారంతా వినేలా కడిగేసిందట. మర్నాడు తన పాత చీర చింపి కుట్టిన మూతిగుడ్డలు తెచ్చి, అతను కట్టుకునేదాకా కదలలేదట. ఇదంతా చెప్పి, తప్పు తనదే కాబట్టి పొద్దున కల్లా వేరే రాయి చెక్కి ఇస్తానన్నాడు నాగరాజు.

అప్పటిదాకా మంచం మీద కూర్చుని వింటున్న యేసుదాసు లేచాడు. రిబ్కమ్మ మొగుడు. శ్రీరాంపూర్ బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చదివాడు. తర్వాత పంచె ఎగ్గట్టి, ట్రాలీ ఎక్కి, రాయి మీద కూర్చున్నాడు.

“గిది గిట్లనే ఉండాలె” అన్నాడు.

నిజానికి రిబ్కమ్మ నిద్రించిందంటే నస్పూర్‌లో చిన్నపిల్లలు కూడా నమ్మరు. కోడి ఆమెను చూసి కూసేదని ఊళ్లో పరిహాసం. శ్రీరాంపూర్‌లో ఎవరికి జ్వరమొచ్చినా, మందమర్రిలో ఎవరు ప్రసవించినా, వేడి జొన్నగట్క గిన్నెతో బస్సు దిగేది. పెట్టే చెయ్యి ఆగేది కాదు, తిట్టే నోరూ ఆగేది కాదు. తాగినవాళ్లు ఆమెను చూసి సందు మార్చేవాళ్లు. చర్చిలో కునికేవాళ్ల పక్కటెముకల్లో ఆమె గొడుగు కర్ర దిగేది. ప్రసంగం సాగితే ముందు వరుసలోంచి దగ్గు వినిపించేది, పాస్టరుగారు ఆమెన్ అనేసేవారు. ప్రభువుకైనా మినహాయింపు లేదు. బాయిలో పైకప్పు కూలి మందమర్రి కొండల్ కాలు విరిగినప్పుడు, మోకాళ్ల మీద ప్రార్థన చేస్తూనే, వాని పిల్లలు నీకు కనబడలేదా తండ్రీ, అద్దాలు తెచ్చియ్యాల్నా అని నిలదీసింది. తర్వాత కొండల్ లేచి నడిచేదాకా ఆసుపత్రికి బువ్వ మోసింది.

పాస్టర్ బెంజమిన్‌ను పిలిపించారు. ఆయన రాయి చదివి, నవ్వు ఆపుకోవడానికి పైకి చూసి, తర్వాత మెల్లగా నచ్చజెప్పబోయాడు. ప్రభువును తిట్టింది అన్న అర్థం కూడా వస్తుంది కదా అన్నాడు.

“గదైనా అబద్ధం గాదు గదయ్యగారు” అన్నాడు యేసుదాసు, రాయి మీదనుంచి కదలకుండా.

జనం నవ్వుతారని స్టీఫెన్ బాధపడ్డాడు. అవ్వ ఇంతమందికి చేసింది, ఆఖరుకు ఆమె సమాధి నవ్వులాట కావాలా అన్నాడు. ఆ మాటకు ముసలాయన తల వంచుకున్నాడు.

అతను బాయి పనికి పోయే రోజుల్లో, మిగతా ఇళ్లలో ఆడవాళ్లు మగవాళ్లకు పైలం, జాగ్రత్త అని చెప్పి పంపేవాళ్లు. రిబ్కమ్మ గడప దాకా తిట్టుకుంటూ వచ్చేది. సద్ది గిన్నె మూత పారేసుకుని వస్తే ఇంట్లోకి రానియ్యననేది. లోపల బండలు కిర్రుమన్నప్పుడల్లా అతనికి ఆ మూతే గుర్తొచ్చేది. మూత అప్పజెప్పాలి కాబట్టి పైకి పోవాలి. అంతే.

“స్టీఫనూ, మీ అవ్వ నాతోని మెత్తగ మాట్లాడింది ఒక్కసారే బిడ్డా. దవాఖానల, పోయే ముందు. మంచిగ తిను అన్నది. గప్పుడే నాకు కాళ్లు చేతులు చల్లబడ్డయి. గసొంటి మెత్త మాట రాయి మీద రాసి నన్ను సదువుమంటే, నాతోని కాదు.”

స్టీఫెన్ తండ్రికి చెయ్యి అందించి కిందికి దింపాడు. గోనెపట్టా మళ్లీ రాయి మీద కప్పాడు.

పొద్దున సమాధుల తోటలో పాట అయ్యాక, రాయి మీది గుడ్డ తీసి పాస్టరు పైకి చదివాడు. చివరి మాట దగ్గర భయపడ్డాడో, అలవాటో, ‘నిద్రించెను’ అనేశాడు. వెనక నిలబడ్డ సక్కుబాయి కొంగు సర్దుకుంది. ఆమె రిబ్కమ్మతో కలిసి ఊళ్లు తిరిగిన మనిషి.

“అయ్యగారూ, జర మంచిగ సూసి సదువున్రి.”

పాస్టరు కళ్లజోడు సవరించుకుని ఉన్నదున్నట్టు చదివాడు. తర్వాత ఆడవాళ్ల కొంగుల చాటున నవ్వు మొదలై మగవాళ్ల దాకా పాకింది. కొండల్ కర్ర ఊతగా ముందుకొచ్చి తనను ఏమని తిట్టిందో చెప్పాడు. ఇంకొకరు అందుకున్నారు. నీకన్నా నాకే ఎక్కువ పడ్డాయని పోటీ పడ్డారు. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకున్నవాళ్లూ ఉన్నారు. స్టీఫెన్ గొడుగు కర్ర దెబ్బ తగిలిన చోటు చూపించాడు.

సక్కుబాయి యేసుదాసు పక్కకొచ్చి కూర్చుంది.

“మందమర్రి బస్సుల నీ మీద ఏమన్నదో ఎరుకేనా?”

అతనికి తెలియదు. పెళ్లినాటి నుంచి తిన్న తిట్లన్నీ ఈ ఏడాదిలో ఎన్నోసార్లు నెమరేసుకున్నాడు. వినంది ఒకటి మిగిలి ఉందని అనుకోలేదు.

“గా ముసలోడు నాకంటె ముందుగాల పోతే, బొందలకెల్లి కాలు వట్టి బయటికి గుంజుకొస్త, ఏమనుకుంటుండో అన్నది.”

యేసుదాసు ఆమె వైపు జరిగి చెవి దగ్గర పెట్టాడు.

“మల్ల జెప్పు” అన్నాడు.