వెనక్కి తిరగని నైసులా

మారిట్‌ని ఈ గుడిసెల గుంపులోకి రానిచ్చింది నేనే. ఇవాళ ఎవరినని తిట్టను?

మా ఆయన కొయినెట్ ఆ తెల్లపిల్లని రెండో పెళ్లాంగా తెచ్చి నిలబెట్టిన రోజు అందరూ నవ్వారు. "ఇది పేడ తొక్కుతుందా, ఆవుని పితుకుతుందా?" అని మా అత్త మూతి తిప్పుకుంది. నేను మాత్రం నా ఇంటి పక్కనే దానికి ఇల్లు కట్టడానికి పూనుకున్నాను. అదీ గోడలకి మెత్తే పేడలో మోకాళ్ల దాకా దిగి కలిపింది పాపం. నన్ను అక్కా అని పిలిచింది. నాకు నచ్చింది.

ఆరేళ్లైనా దాని కడుపు పండలేదు. మా వాళ్లలో సవతి ఇల్లు పిల్లల్లేకుండా ఉంటే పిల్లలున్నది చూస్తూ ఊరుకోదు, తన బిడ్డల్లో ఒకదాన్ని ఇస్తుంది. నాకు నలుగురు. పాలు మానిన నా కూతురు నైసులాని తీసుకెళ్లి దాని ఒళ్లో కూర్చోబెట్టాను. "ఇక నీ పిల్లే," అన్నాను. వెక్కివెక్కి ఏడ్చింది.

తర్వాత మా ఇద్దరినీ నరోక్ కచేరీకి తీసుకెళ్లి, పిల్ల గురించి ఏదో కాగితం మీద మా ఆయన చేత సంతకం పెట్టించి, నా చేత వేలిముద్ర వేయించింది. "ఇచ్చేశాక కాగితమెందుకే పిచ్చిదానా?" అని నవ్వాను. ఇచ్చానంటే ఎంత దూరమిచ్చాను? పది అడుగులు! పిల్ల పొద్దున దాని ఇంట్లో టీ తాగేది, పొద్దెక్కాక నా ఇంట్లో ఆవుపాలు తాగేది. అమ్మా అంటే ఇద్దరం పలికేవాళ్లం. ఇలా ఐదేళ్లు నడిచింది.

మొన్నటి కరువులో వాగు ఎండిపోయింది. నీళ్లకి సగం రోజు నడక. ఆ నీళ్ల డబ్బాలు మోసి మోసి మారిట్‌కి నడుం పట్టేసింది. ఇంకో మనిషి వస్తే దీనికి మోత తప్పుతుంది కదా అని మూడో పెళ్లి మాట ఎత్తింది నేనే. పిల్లని చూసొచ్చిందీ నేనే. సంబరంగా పరిగెత్తుకెళ్లి చెప్పాను కూడా.

"చెల్లీ, ఇక నువ్వు డబ్బా ముట్టక్కర్లేదు. గట్టి పిల్లని చూసొచ్చాను!"

దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. "నువ్వా అక్కా? నువ్వే వెతికావా?"

"నేను కాక ఎవరు వెతుకుతారే? ఆయనకి వదిలేస్తే ఏ బద్ధకస్తురాలినో తెస్తాడు."

"నా తర్వాత ఇంకెవరూ ఉండరని నాకు మాటిచ్చాడక్కా."

ఆ మగాడు నాకు ఆ ఒక్క ముక్క చెప్పి చావలేదు! అడిగితే గొంగళి సర్దుకుంటూ, "అప్పుడేదో అన్నానులే," అన్నాడు.

నెల తిరక్కుండానే మారిట్ తన దేశం వెళ్లిపోతానని సామాను సర్దుకుంది. పిల్ల బట్టలూ సర్దింది. అవి చూసి దాని కాళ్ల మీద పడ్డాను.

"నువ్వు పోతే పో. నా పిల్లని నాకు వదిలి పోవే. ఆ పెళ్లి నేనే మాన్పిస్తాను."

"మానినా ఏం లాభం? ఆయన ఆ పెళ్లికి సరేనన్నాడు కదా." అదీ ఏడుస్తోంది. "నైసులా నా కూతురక్కా. నువ్వే ఇచ్చావు. అది లేకుండా నేను బతకలేను."

"నేను బతుకుతానా మరి?"

అది పెట్టె మూత వేసేసింది. మా ఆయన దగ్గరికి పరిగెత్తాను. "ఇచ్చిన బిడ్డని తిరిగి అడిగిన ఆడదాన్ని ఎక్కడైనా చూశావా? పెద్దల ముందు నా పరువు తియ్యకు," అన్నాడు, నా మొహం చూడకుండా. మా అత్త ఇంకా గట్టిగా అరిచింది. "నోరు మూసుకో! తిరిగి తీసుకున్నావంటే మిగతా ముగ్గురికీ కీడు తగులుతుంది." ఆ ముగ్గురూ గడప దగ్గరే నిలబడి నా వైపు చూస్తున్నారు. నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున కారొచ్చింది. నైసులా పూసల దండలన్నీ వేసుకుని నా ముందుకొచ్చి తల వంచింది. పెద్దవాళ్లు నెత్తిన చెయ్యి పెట్టేదాకా మా పిల్లలు తల ఎత్తరు, అడుగు కదపరు. నేను చేతులు రెండూ గుడ్డలో దాచుకున్నాను. ఎంతసేపైనా పెట్టకూడదనుకున్నాను. పెట్టకపోతే అది వెళ్లదు. మారిట్ కారు దగ్గర నిలబడి చూస్తోంది. పిల్ల అలాగే వంగి ఉంది.

"అమ్మా," అంది మెల్లిగా, "మెడ నొప్పెడుతోందే."

నా చెయ్యి దానంతటదే వెళ్లి నెత్తిన పడింది, పాడు చెయ్యి.

తలెత్తి నవ్వి, కారు వైపు నడిచింది. చిన్నప్పటి నుంచీ దానితో పెళ్లికూతురి ఆట ఆడించింది నేనే. పుట్టింటి నుంచి కదిలాక వెనక్కి చూస్తే రాయైపోతావని నేర్పిందీ నేనే. ఒకసారి ఆటలో తిరిగి చూసిందని వీపు మీద ఒక్కటిచ్చాను కూడా. ఆ దెబ్బ గుర్తున్నట్టుంది. మెడ బిగబట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ వేస్తోంది.

తిరగవే తల్లీ, ఒక్కసారి తిరగవే అని లోపల్లోపల మొత్తుకున్నాను. రాయైపోతే అయిపోనీ. రాయైనా ఇక్కడే ఉంటుంది కదా.

తిరగలేదు.