పాదం కొలత

ధృతి కుర్చీ పట్టుకుని లేచి నిలబడుతోందన్న సంగతి హేమంత్‌కుమార్‌కు కోర్టులో తెలిసింది. చెప్పింది భార్య కాదు, భార్య తరఫు లాయరు. "పాప ఇప్పుడిప్పుడే నిలబడుతోంది, ఇంట్లో ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, తల్లి దగ్గర ఉండడమే మేలు" అని ఆయన జడ్జికి చెబుతుంటే హేమంత్ వెనక బెంచీ మీద కూర్చుని విన్నాడు. ఆ తర్వాతి వాదన ఏదీ అతని చెవికెక్కలేదు. నా కూతురు నిలబడుతోంది, ఇంక నడుస్తుంది అన్న మాటే బుర్రలో తిరుగుతూ ఉండిపోయింది.

హేమంత్ లిఫ్టు మెకానిక్. పాత యలహంకలో తల్లి సొన్నమ్మతో ఉంటాడు. అతని భార్య అర్పిత ఆఫీసు నగరానికి రెండో చివర, మహదేవపురలో. పోను రాను బస్సులోనే సగం ప్రాణం పోతోంది, ఆఫీసు దగ్గర ఇల్లు చూడమని పెళ్లయిన నాటి నుంచి ఆమె అడుగుతూ వచ్చింది. చూద్దాం, చూద్దాం అంటూ అతను రోజులు నెట్టాడు. కాన్పుకు మహదేవపురలోనే ఉన్న పుట్టింటికి వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. కోపం చల్లారితే వస్తుందిలే అని అతను ఊరుకున్నాడు. ఆమె బదులు విడాకుల నోటీసు వచ్చింది. అప్పుడు పరుగులు పెట్టి ఇల్లు చూసి కబురు పంపితే, "ఇప్పుడెందుకు" అని ఒక్క మాటతో తేల్చేసింది. కేసు తేలేదాకా నెలలో రెండు శనివారాలు, కోర్టు ఆవరణలోని పిల్లల గదిలో కూతుర్ని చూసుకోవచ్చని జడ్జి మొదట్లోనే చెప్పారు.

పాప నిలబడుతోందని విన్న సాయంత్రమే అతను తల్లిని వెంటబెట్టుకుని బజారు వీధిలో జోగయ్య చెప్పుల అంగడికి వెళ్లాడు. బిడ్డకు పేరు అర్పిత వాళ్లింట్లో పెట్టారు. అన్నం వాళ్లింట్లో ముట్టించారు. చెవులు కుట్టించిన ఫోటో కూడా ఎవరో చుట్టాల ఫోనులో చూశాడు. కాళ్లకు మొదటి బూట్లు మాత్రం తను కొనాలి.

సొన్నమ్మ కళ్లు అడుగేస్తే పీంపీం అనే బూట్ల మీద పడ్డాయి. "ఇవి తీసుకోరా. ఆ చప్పుడుకి ఖుషీ పడి బిడ్డ ఇంకో అడుగు ఏస్తాది."

"దానికి భయపడితేనో?" అన్నాడు హేమంత్. ఒక్కో జతా చేతిలోకి తీసుకుని వేళ్లతో అడుగును మడిచి చూశాడు. కొన్ని అట్టలా బిగుసుకుని ఉన్నాయి. కొన్నిటికి లోపల కుట్టు గరగరలాడుతోంది. జోగయ్య ఓపికగా డబ్బాలు దించుతూనే ఉన్నాడు. చివరికి ముదురు నీలం గుడ్డతో చేసిన జత ఒకటి దొరికింది. పట్టీ అంటిస్తే చాలు, తాడు ముడుల బాధ లేదు. అడుగు మెత్తగా ఉంది.

"ఇవి బాగుండాయప్పా," అన్నాడు జోగయ్య. "అయితే ఏ సైజు ఇయ్యమంటావు? బిడ్డను పిలుచుకొని రాండి, కాలికి తొడిగి చూస్తాము."

హేమంత్ చేతిలోని జతను తిరిగి డబ్బాలో పెట్టాడు. సొన్నమ్మే అంది, "బిడ్డ ఊరికి పోయుండాది."

"అట్లయితే కాగితం మీద పాదం గీసుకొని రాండి. నిలబెట్టి గీయల్ల. కూర్చోబెట్టి గీస్తే తక్కువొస్తాది."

శనివారం వచ్చింది. పిల్లల గది చూసుకునే రేణుకమ్మ ధృతిని తెచ్చి చాప మీద దించింది. ఎప్పట్లాగే ధృతి అతని ముఖం చూసి ఏడుపు అందుకుంది. అర్పిత బయట వరండాలో ఫోను చూసుకుంటూ కూర్చుంది. ఆమె తండ్రి గోపాలప్ప గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. హేమంత్ బిడ్డను ముట్టుకోకుండా, కాస్త దూరంలో రంగు దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చి పడగొడుతూ ఉండిపోయాడు. ఏడుపు ఆగింది. ధృతి పాక్కుంటూ వచ్చి ఒక దిమ్మె లాక్కుంది, కుర్చీ కాలు పట్టుకుని లేచి నిలబడింది.

అతను గబగబా జేబులోంచి కాగితం తీసి ఆమె పాదం కిందికి జరిపాడు. పెన్ను మడమ చుట్టూ తిరిగి వేళ్ల దగ్గరికి వచ్చేసరికి చక్కిలిగిలి పుట్టి ధృతి వేళ్లు ముడుచుకుని కిలకిల నవ్వింది. ఆ నవ్వు తన వల్ల పుట్టిందని అర్థం కావడానికి హేమంత్‌కు ఒక క్షణం పట్టింది.

"ఏమి చేస్తా ఉండావప్పా?" అన్నాడు గోపాలప్ప.

"బూట్లకు కొలత, మామా. కాలు నిలపదు ఇది."

గోపాలప్ప వరండా వైపు ఒకసారి చూసి లేచి వచ్చాడు. మోకాళ్ల నొప్పితో మెల్లగా కిందికి వంగి, మనవరాలి కాలు కదలకుండా పట్టుకున్నాడు. "ఇంగ గీయి. బేగ కానీ."

ఆ గీత మీద బొటనవేలి మందం వదిలి జోగయ్య బూట్లు ఇచ్చాడు. హేమంత్ వాటిని పనిముట్ల సంచీలోనే పెట్టుకుని తిరిగాడు. పని మధ్యలో టీ తాగేటప్పుడు డబ్బా తెరిచి చూసుకునేవాడు. చాప మీద కూర్చోబెట్టి తొడగాలి, రెండు చేతులూ పట్టుకుని లేపాలి, ఒక చెయ్యి వదలాలి. రెండోది ఆమె వదిలేదాకా తను వదలకూడదు. ఇంతవరకూ ఆలోచించి పెట్టుకున్నాడు.

తర్వాతి శనివారం పాపకు జ్వరమని అర్పిత లాయరు చెప్పాడు. ఆ పైది కోర్టు సెలవుల్లో పోయింది. సెలవులయ్యాక అర్పిత ఆఫీసు పని మీద ఊరెళ్లింది, పాపను ఇంకెవరూ తేలేమన్నారు. అర్జీ వేస్తే వాయిదా పడింది. "వచ్చే నెల చూసుకుందువులే, ఎక్కడికి పోతుంది?" అన్నాడు హేమంత్ తరఫు లాయరు. దసరాకు కొన్న బూట్లు చలికాలం అయిపోవస్తున్నా డబ్బాలోనే ఉన్నాయి.

చివరికి ఒక శనివారం పిల్లల గదిలో కూర్చుని ఉండగా, ముందు చప్పుడు వినిపించింది. పీం, పీం, పీం. ధృతి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గుమ్మం దాటి లోపలికి నడిచి వచ్చింది. రెండు చేతులూ గాలిలో చాపి, పొట్ట ముందుకు పెట్టి, తూలుతూ, అయినా పడకుండా. కాళ్లకు ఎర్ర బూట్లు.

హేమంత్ మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచాడు. ఆమె నాలుగడుగుల దూరంలో ఆగింది. కొత్తవాళ్లను చూసినట్టు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, అదే చప్పుడుతో వెళ్లి గోపాలప్ప పంచె పట్టుకుంది.

ఈసారి అర్పిత లోపలికి వచ్చింది. అతని పక్కన ఉన్న డబ్బా చూసింది. ఏమీ అడగకుండా బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎర్ర బూట్లు విప్పి, కాలు అతని వైపు పెట్టింది. హేమంత్ నీలం బూటు తొడగబోయాడు. వేళ్లు దూరాయి, మడమ దూరలేదు. పట్టీ పూర్తిగా తీసి మళ్లీ ప్రయత్నించాడు. ధృతి కాలు వెనక్కి లాక్కుని ఏడ్చింది.

"చిన్నవైపోయినాయి," అంది అర్పిత. ఆ గొంతులో కోపం లేదు.

"మొదట ఎప్పుడు నడిచింది?"

"పోయిన నెల. పక్కింటివాళ్ల కుక్క వచ్చింటే, దాన్ని పట్టుకోవాలని లేచి నడిచేసింది." ఆమె ఫోను తీసి చూపించింది. నడవాలో ధృతి, ముందు తెల్ల కుక్కపిల్ల, వెనక ఇంటిల్లిపాది చప్పట్లు. హేమంత్ చూశాడు. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని చూశాడు.

"ఇది నాకు పంపుతావా?"

అర్పిత తల వంచుకుంది. "ఏమీ పంపొద్దని లాయర్ చెప్పినారు. మీకు కోపం రావొద్దు."

ఒకప్పుడు 'నువ్వు' అనేది, ఇప్పుడు 'మీరు'. అతను ఫోను తిరిగి ఇచ్చేశాడు.

"ఇంకోటి చెప్పాల," అంది ఆమె. "నాకు పూణెకి ట్రాన్స్‌ఫర్ అయింది. నెలాఖరుకు పోతాము. అమ్మా నాన్నా కూడా వస్తా ఉండారు. వీడియో కాల్‌లో చూపిస్తాను. కోర్టు కూడా సరే అంటుందని లాయర్ చెప్పినారు."

"నేనూ వచ్చేస్తా. లిఫ్టులు లేని ఊరా అది? ఏదో ఒక పని దొరుకుతాది. మీ ఆఫీసు పక్కనే ఇల్లు చూస్తా."

"నాకోసమైతే రావద్దు, హేమంత్." చాలా నెమ్మదిగా అంది. "రెండేండ్లు అడిగినాను. ఇప్పుడు నా దగ్గర ఏమీ మిగల్లేదు."

టైమైందని రేణుకమ్మ గుమ్మంలోంచి చెప్పింది. అర్పిత బిడ్డకు ఎర్ర బూట్లు తొడిగి ముందు నడిచింది. గోపాలప్ప ఆగి, అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "నేను అర్పితకు చెప్పి చూసినానప్పా," అన్నాడు. వాళ్ల వెనకే వెళ్లిపోయాడు. వరండా చివరిదాకా పీంపీం వినబడింది. తర్వాత ఎవరో ఎత్తుకున్నట్టున్నారు, ఆగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి సొన్నమ్మ గుమ్మంలోనే ఎదురైంది. "ఏసుకునిందా? నడిచిందా?"

"నడిచింది. బాగా నడుస్తా ఉండాది." సంచీలోంచి డబ్బా తీసి తల్లి చేతిలో పెట్టాడు. పూణె సంగతి చెప్పాడు.

ఆమె డబ్బా తెరిచి, ఒక బూటును అరచేతిలో పెట్టుకుని చూసింది. "జోగయ్య మార్చి ఇస్తాడులే," అంది. "పెద్దవి తీసుకుందాం పా."

"ఏ పాదానికమ్మా? మళ్లీ చూసేనాటికి కాలు ఎంత అయ్యుంటాదో మనకెట్ల తెలుస్తాది?"

సొన్నమ్మ డబ్బాకు మూత పెట్టింది. లోపలికి వెళ్లి అన్నం వడ్డించింది. అతను కంచం ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి పెట్టలేదు. ఫోను మోగింది. బెళ్ళందూరులో ఒక అపార్ట్‌మెంటులో లిఫ్టు ఆగిపోయిందట, వెంటనే రమ్మంటున్నారు. హేమంత్ లేచి, బూట్ల డబ్బాను ఇంట్లోనే వదిలి, సంచీ భుజానికి తగిలించుకుని బయల్దేరాడు.