ఇనపయ్య తలుపు

ధర్మవరంలో సరోజమ్మ కొట్టంలో నాలుగు మగ్గాలు, నాలుగు మగ్గాల మీద నాలుగు అభిప్రాయాలు. కొంగుకు ఏ రంగు వేయాలన్న దాని మీద కూడా అంత పంతం ఉండేది కాదు. 'శూన్యంలో సత్రం' సీరియల్లో ఏ ఎపిసోడ్ గొప్పది, ఏది చెత్తది అన్న మాట లేచిందంటే మాత్రం మగ్గాలన్నీ ఆగిపోయేవి. ఆ వీధిన పోయేవాళ్లు లోపల ఆస్తి తగాదా అనుకునేవాళ్లు.

తొంభై ఆరు నాటి సంగతి ఇది. ఆదివారం పొద్దున తొమ్మిదికి ఢిల్లీ నుంచి వచ్చేది ఆ సీరియల్. ఎవరో తెల్లదొరలు తీసినదానికి హిందీ మాటలు తగిలించారు. చుక్కల మధ్య ఎక్కడో ఒక సత్రం, దాన్ని నడిపే గయ్యాళి ముసలమ్మ, ఆమె దగ్గర తలుపు తీసి మూసే మరమనిషి. ఆ మరమనిషి పేరు కొట్టంలో ఎవరి నాలుకకూ తిరగక, అందరూ ఇనపయ్య అని పిలుచుకున్నారు. పేరేం ఖర్మ, హిందీయే ఎవరికీ రాదు. మొదటి మగ్గం నాగభూషణం మాత్రం చిన్నప్పుడు హిందీ పరీక్ష ఒకటి గట్టెక్కాడు. చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం కదా, సీరియల్లో ఎవరు ఏమన్నారో ఆయన చెప్పిందే వేదమైపోయింది.

"రెండు సూర్యులు గుద్దుకునే ఎపిసోడే గొప్పది. దాని మీద ఇంకోటి పుట్టల్య," అనేవాడు నాగభూషణం.

"ముసలమ్మ అందరినీ తిట్టేది గొప్పది. ఆమె తిట్టకపోతే ఆ సత్రం ఎప్పుడో మునిగిపోయిండేది," అనేది సరోజమ్మ. కొట్టం ఆమెదే, టీవీ ఆమెదే, నాలుగో మగ్గం మీద నేసేదీ ఆమే.

మూడో మగ్గం రామాంజినేయులుది పెనుకొండ. శనివారం ఇంటికి పోయి ఆదివారం సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు. ఇనపయ్య కనబడితే చాలు, అతనికి ప్రతి ఎపిసోడూ గొప్పదే. ఇక రెండో మగ్గం హరికృష్ణ. చెట్లు మాట్లాడే ఎపిసోడ్ బాగుందని ఒక్కసారి నోరు జారాడు పాపం. అదే అన్నిటికన్నా చెత్తదని నాగభూషణం అప్పటికే తీర్పు ఇచ్చేసి ఉన్నాడు. ఆ పొద్దు నుంచి హరికృష్ణ నోరు తెరిస్తే, "ఉండప్పా, చెట్లాయన ఏమో అంటాండాడు," అని నవ్వేవాళ్లు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వాదంలో నెగ్గితే చాలని హరికృష్ణకు ప్రాణం కొట్టుకుంటుండేది.

అంతలో హరికృష్ణ మేనమామ అతనికి హిందూపురంలో పెళ్లిచూపులు ఖాయం చేశాడు. ఎప్పుడు? ఆదివారం, సరిగ్గా తొమ్మిదికి. దాటితే వర్జ్యమట. పంచాంగం రాసిన మహానుభావుడింట్లో టీవీ లేదు కాబోలు.

అమ్మాయి పేరు ప్రమోద. నడవలో చాప మీద హరికృష్ణను కూర్చోబెట్టి ముందర ఉప్పిట్టు ప్లేటు పెట్టారు. వెనక గదిలో టీవీ. దాని ముందు ప్రమోద వాళ్ల అవ్వ సిద్ధమ్మ ఒక్కతే, లోకం ఏమైపోయినా నాకేమని కూర్చుని ఉంది. మధ్యలో తలుపుకు పూల తెర. సీరియల్ పాట మొదలైంది. హరికృష్ణ గచ్చు వైపు చూస్తూ చెవులు మాత్రం తెర వైపు పారేసుకున్నాడు. ఎవరో సత్రం తలుపు తట్టారు. ఒక ఆడమనిషి గొంతు. ఇనపయ్య గొంతు. అంతలో, "అబ్బాయి ఏమన్నా అడగాలంటే అడగొచ్చు," అన్నారు పెద్దలు. అతను తల ఎత్తాడు. ఎదురుగా ప్రమోద. ఆమె చెవులు కూడా తెర వైపే ఉన్నాయని అతనికి తెలిసిపోయింది. అక్కడికక్కడే ఆ అమ్మాయి అతనికి పిచ్చిగా నచ్చేసింది. అడిగేదేమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మళ్లీ చెవి పెట్టేసరికి టీవీలో సబ్బుల అడ్వర్టైజ్‌మెంట్లు వస్తున్నాయి.

తిరుగు బస్సు పెనుకొండలో ఆగితే రామాంజినేయులు ఎక్కాడు. అమ్మాయి ఎట్లుందని అడగలేదు.

"చూసినావా? ఆయమ్మ తలుపు కొట్టింది, సంజె దాటినంక తలుపు తీయగూడదని ముసలమ్మ ఆర్డరు, ఇనపయ్య గడియ మీద చెయ్యి పెట్నాడు, కరెంటు పాయె! పెనుకొండంతా పాయె. ధర్మవరంలో గూడా పాయెనంట. హిందూపురంలో ఉండె గదా? తలుపు తీసినాడా లేదా? చెప్పబ్బా!"

చూడలేదని చెప్పాలి. హరికృష్ణ నోట్లో ఆ మాట సిద్ధంగానే ఉంది. కానీ రామాంజినేయులు కళ్లలో ఆ ఆశ ఉంది చూడండి, పుట్టిన తర్వాత తన వైపు ఎవరూ అలా చూడలేదు.

"వాళ్లింట్లో టీవీ నా ఎదురుగానే పెట్నారు," అన్నాడు.

అంతే. ముందు సీట్లో అమ్మ, మేనమామ కునికిపాట్లు పడుతున్నారు. బస్సు పెనుకొండ దాటింది, కథ మొదలైంది. ఇనపయ్య తలుపు తీయలేదు. ఆర్డరు ఆర్డరే. ఆమె బయట కూర్చుంది, వాడు లోపల కూర్చున్నాడు. రాత్రంతా తలుపుకు అటొకరు, ఇటొకరు మాట్లాడుకున్నారు. ఆమె తన ఊరు గురించి చెప్పింది, వాడు తనకు ఊరే లేదని చెప్పాడు. తెల్లారి ఆర్డరు దిగిపోగానే వాడు పరుగున తలుపు తీశాడు. బయట ఎవరూ లేరు. ఆనాటి నుంచి ముసలమ్మ ఎంత మొత్తుకున్నా, చితకబాదినా, ఇనపయ్య ఆ తలుపు మూయడు.

బస్సు ధర్మవరం చేరేసరికి రామాంజినేయులు కండువాతో ముక్కు తుడుచుకుంటున్నాడు.

కొట్టంలో ఆ కథ నిప్పులా అంటుకుంది. హిందీ రాని హరికి అన్ని మాటలు ఎట్లా అర్థమయ్యాయని ఎవరికీ తట్టలేదు. ఇనపయ్య తలుపు తీసి ఉండాల్సిందని సరోజమ్మ, ఆర్డరు తప్పితే వాడు ఇనపయ్య ఎట్లయితాడని రామాంజినేయులు. నాగభూషణం చాలా రోజులు గింజుకున్నాడు గానీ, చివరికి ఒకనాడు పోగు విసిరే నాడె పక్కన పెట్టి, "ఒప్పుకుంటాండా. రెండు సూర్యుల కంటే ఇదే గొప్పది," అనేశాడు. ఆ పూట హరికృష్ణ అన్నం కూడా తినలేదు. కడుపు నిండిపోయింది.

పెళ్లి కుదిరింది, జరిగింది, ప్రమోద ధర్మవరం వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి. తను టీవీ చూడలేదని తెలిసి, ఆ సీరియల్ సంగతి పట్టించుకునే మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది. ఆ మనిషినే తాళి కట్టి ఇంటికి తెచ్చుకున్నాడు.

వచ్చిన వారానికే రామాంజినేయులు ఆమెకు ఆ ఎపిసోడ్ మొత్తం అప్పజెప్పాడు, హరి హిందూపురంలో చూశాడన్న సంగతితో సహా. ప్రమోద చివరి దాకా వింది. ఇంటికొచ్చాక చీపురు మూల పెట్టి మొగుడి ముందు నిలబడింది.

"టీవీ మీకు ఎదురుగా ఉన్నిందా?"

హరికృష్ణ తేలు కుట్టిన దొంగలా మూలనున్న చీపురు వైపు చూశాడు.

"మీకు ఎదురుగా ఉన్నింది నేను. మీ పెండ్లిచూపుల దెబ్బకు నాకు ఆ ఒక్క ఎపిసోడ్ పోయింది, తెలుసునా? అవ్వను అడిగితే, ఎవరో వచ్చిరి, నీళ్లు తాగిరి, పోయిరి అనింది."

"వాళ్లకు చెప్తావా?" అన్నాడు అతను.

"చెప్పను. మీ తలుపును మీరే తెరుచుకోండి," అని నవ్వుతూ వంటింట్లోకి పోయింది. ఆ నవ్వు చూసి అతనికి ధైర్యం రావాల్సింది పోయి, ఉన్నది కూడా పోయింది.

ఆ మరుసటి ఏడాది ఢిల్లీవాళ్లు ఆ సీరియల్‌ను మళ్లీ మొదటి నుంచి వేయడం మొదలుపెట్టారు. కొట్టంలో పండగ. హరికృష్ణకు మాత్రం ప్రతి ఆదివారం ఒక మెట్టు దిగినట్టుండేది. చెట్ల ఎపిసోడ్ వచ్చిపోయింది, సూర్యులు గుద్దుకోవడం అయిపోయింది. వచ్చే ఆదివారం తలుపే. నాగభూషణం వీధి మొత్తానికి చెప్పొచ్చాడు. చూడనివాళ్ల జన్మ వృథా అన్నాడట.

ఆ ఆదివారం సరోజమ్మ నడవలో కాలు పెట్టే చోటు లేదు. పాట మొదలవగానే హరికృష్ణ నెమ్మదిగా జారుకుని వెనక గోడ దగ్గరికి పోయాడు. అక్కడ ఫ్యూజు డబ్బా ఉంది. డబ్బాకు వీపు ఆనించి ప్రమోద నిలబడి ఉంది.

"జరుగు," అన్నాడు గుసగుసగా.

"ఒకసారి మీ వల్ల పోగొట్టుకున్నా. దీని మీద చెయ్యి వేసినారంటే సాయంత్రం బస్సుకే హిందూపురం పోతా. రండి, పక్కన కూర్చోండి. ఏమైతాదో ఇద్దరం చూస్తాం."

అతన్ని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ పూట అతనికి బాగా తెలిసొచ్చింది.

తెర మీద తలుపు తట్టారు. ఇనపయ్య గడియ మీద చెయ్యి పెట్టాడు. నడవంతా ముందుకు వంగింది. వాడు టక్కున తలుపు తీసేశాడు. ఆమె లోపలికి వచ్చింది, ఏదో తాగింది, తన ఆకాశపు ఓడ రిపేరుకు మనిషి కావాలంది. అక్కడి నుంచి చివరి దాకా ఇద్దరు మనుషులు ఒక ఇంజను కింద పడుకుని మరలు బిగించారు. ఆమె వెళ్లిపోయింది. పాట వచ్చింది.

హరికృష్ణ తల వంచుకుని, మొదటి తిట్టు ఎవరు తిడతారా అని ఎదురుచూస్తున్నాడు.

నాగభూషణం లేచి నిలబడ్డాడు. "చూసినారా మోసం? కోసినారు!" అని అరిచాడు. "తలుపు ముక్క మొత్తం కోసేసి, ఆ జాగాలో యాడిదో రిపేరు ముక్క అతికించినారు. హరి ఆ పొద్దు చూసింది అసలుది. ఇది ఉత్త బొక్క!"

"నేను అప్పుడే అనుకున్యా," అంది సరోజమ్మ. "అంత మంచిది మనకు రెండోసారి యాడ చూపిస్తారు? ఆ కథ రాసిన దొర ఎవడో గానీ, వాని కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాల."

"ఆ దొరకు ఎంత మనసుండాదో," అన్నాడు రామాంజినేయులు.

హరికృష్ణ బతికిపోయాడు. గండం గడిచింది, ఇంటికి పోయి హాయిగా పడుకోవచ్చు. అయినా ఆ దొర మాట మాత్రం అతనికి గుండెలో ముల్లులా దిగింది. ఎవడా దొర? బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇనపయ్య కోసం తన గుండె తనే పిండుకున్నది ఎవరు?

"ఆ దొర లేడు, గిర లేడు," అన్నాడు లేచి. "ఆ కథ నాది. నేను అల్లినా. పెనుకొండ నుంచి ధర్మవరం వచ్చేలోపల అల్లినా."

నడవంతా పగలబడి నవ్వింది.

"ఒరే, పోయిన నెల కొంగులో నెమలిని కుడిపక్కకు తిప్పమంటే వారం ఆలోచించినావు. నువ్వు కథ అల్లుతావా?" అన్నాడు నాగభూషణం, కళ్లు తుడుచుకుంటూ.

"నిజమన్నా! ఆ పొద్దు నేను టీవీ చూడనే లేదు. కావాలంటే ఆమెను అడుగు."

అందరూ ప్రమోద వైపు తిరిగారు. ఆమె లేచి కొంగు సర్దుకుంది. నవ్వు లేదు.

"చూడలేదు. టీవీ లోపల గదిలో ఉన్నింది. ఈయన ఉప్పిట్టు ముందర పెట్టుకొని గచ్చు చూస్తా కూర్చున్నారు. ఎదురుగా నేనే ఉంటి. ఆ కథ ఈయనదే."

నాగభూషణం ముచ్చటగా తల ఊపాడు. "పెండ్లాం అంటే ఇట్లుండాల. మొగుడు చందమామను నేసినా అంటే, జరీ నేనే అందించినా అనాల!" అన్నాడు. మళ్లీ నవ్వులు. రామాంజినేయులు జాలిపడి హరికృష్ణ భుజం తట్టాడు. "బాధపడగాకు. నువ్వు రాయకపోతే ఏమి? చూసినది చూసినట్టు మాకు చెప్పినావు గదా, అది చాలు."

హరికృష్ణ కొట్టంలోకి పోయి మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. అబద్ధం చెప్పిన పొద్దు అందరూ నమ్మారు. నిజం చెప్పిన పొద్దు ఒక్కడూ నమ్మలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు గానీ, ఏడుపే దగ్గరగా ఉంది.

ప్రమోద వచ్చి గుంత అంచు మీద కూర్చుంది.

"ఒకటి అడగాల."

"అడుగు," అన్నాడు, అబద్ధం ఎందుకు చెప్పావని అడుగుతుందనుకుని.

"ఇనపయ్య తలుపు తెరిచి పెట్టుకున్నాడు గదా. ఆమె మళ్లీ వచ్చిందా, లేదా?"

సీరియల్లో ఏముందో గుర్తు తెచ్చుకోబోయి ఆగిపోయాడు. ఆ సంగతి ఢిల్లీవాళ్లకు తెలీదు, ఏ దొరకూ తెలీదు. ప్రపంచం మొత్తం మీద తనను అడిగితేనే తెలిసేది. ఆమె అతని ముఖంలోకే చూస్తూ ఉంది.

"వచ్చింది," అన్నాడు. "కానీ వెంటనే కాదు."

ప్రమోద దారాలు పక్కకు జరిపి, కాళ్లు గుంతలోకి దించి సరిగ్గా కూర్చుంది.