బావ చెప్పిన ఒక ఇస్పేటు

మందుల షాపాయనకి ఆ వారమంతా ఒకటే కడుపుమంట. ఎవరైనా దగ్గుమందు అడిగితే సీసా బల్లమీద ఠక్కున పెట్టేవాడు. ఒక ముసలావిడ ఆగి మరీ, "నీకే ఒంట్లో బాగోలేదేమో చూసుకో నాయనా" అనేసి వెళ్ళింది. ఒంట్లో బాగానే ఉంది. బాగోలేనిదల్లా బావతోనే.

బావంటే అక్క మొగుడు. స్కూలు బస్సు నడుపుతాడు. మంచివాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. తంటా అంతా ఆదివారం మధ్యాహ్నం క్లబ్బులో బ్రిడ్జి బల్ల దగ్గర కూర్చున్నాకే మొదలవుతుంది. నలుగురి ఆటలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ముక్కలు పంచాక వేలంపాట జరుగుతుంది: ఎన్ని పట్లు పడతారో, ఏ రంగు తురుపో పాడుకోవాలి. అదీ నోటితో కాదు. ముందున్న పెట్టెలోంచి అట్ట తీసి బల్లమీద పెట్టాలి. చెప్పేదేమీ లేకపోతే పచ్చ అట్ట, అంటే పాస్. మాట్లాడకూడదు, మొహం చిట్లించకూడదు, చివరికి దగ్గినా అనుమానమే. ఎదుటివాడి అట్టలు చూసి వాడి చేతిలో ఏముందో ఊహించుకోవాలి. జట్టువాడి మాట మీద నమ్మకం లేకపోతే ఇంక ఆ ఆట ఆడటం దండగ.

బావ మాట మీద నమ్మకం ఎలా పెట్టుకోవాలో ఆ దేవుడికే తెలియాలి. అవతలివాళ్ళు పాట మొదలెడితే చాలు, మధ్యలో దూరకపోతే ఆయనకి తోచదు. అలా దూరడాన్ని ఓవర్‌కాల్ అంటారు. దూరడం తప్పని ఎవరూ అనరు. కానీ దూరేవాడి దగ్గర ఆ రంగులో ఆసో, రాజో, రాణో, గట్టి ముక్కలు ఉండాలి కదా! బావకి అవేం అక్కర్లేదు, ఒకే రంగువి ఐదు ముక్కలుంటే చాలు. రోడ్డు మీద కాస్త సందు కనిపిస్తే బస్సు ముక్కు దూర్చేసే మనిషి, పేకాటలో మాత్రం ఊరుకుంటాడా?

కిందటి ఆదివారం అదే జరిగింది. అవతలివాళ్ళు కళావరు పాడగానే బావ "ఒక ఇస్పేటు" అట్ట పెట్టాడు. చివరికి వాళ్ళే ఆఠీన్లలో గేము పాడుకున్నారు, అంటే పది పట్లు, దానికి పెద్ద మార్కులు. మొదటి ముక్క వేయాల్సింది మందుల షాపాయన. జట్టువాడు చెప్పిన రంగే వేయడం ధర్మం కాబట్టి, బావని నమ్మి తన ఇస్పేటు రాజుని బల్లమీద పెట్టాడు. ఆసూ రాణీ రెండూ అవతలివాడి దగ్గరే ఉన్నాయి. రాజుని ఆసు మింగేసింది, రాణికి అడ్డే లేకుండా పోయింది, ఓడిపోవాల్సిన గేము వాళ్ళు నవ్వుతూ గెలుచుకున్నారు. తీరా చూస్తే బావ చేతిలో జాకీ, దాని వెనక నాలుగు చిల్లర ముక్కలు.

ఆ రోజు క్లబ్బు మెట్ల మీద, అందరూ చెప్పులు వేసుకుంటుండగా, ఆయన బావని ఉతికి ఆరేశాడు.

"నీకు ఎన్నిసార్లు చెప్పాలి బావా? నువ్వు ఇస్పేటంటే నేను ఇస్పేటు వేస్తాను. ఉత్త చేతులతో ఇస్పేటని ఎందుకంటావు?"

"వాళ్ళకి కాస్త అడ్డం పడదామని..."

"నువ్వు అడ్డం పడింది నాకు."

బావ తల గోక్కున్నాడు. "సరేలేరా. ఇకమీదట రెండు పెద్ద బొమ్మలు లేకపోతే నోరు విప్పను. సరేనా?"

"నీ మాట నీటి మూట" అన్నాడు మందుల షాపాయన. చెప్పులు వేసుకుంటున్నవాళ్ళు నవ్వారు. బావ కూడా నవ్వాడు గానీ, అందరికంటే ముందే కారు వైపు నడిచాడు.

అంత మంట ఎందుకంటే, ఏటా క్లబ్బు తరఫున నలుగురు పక్క క్లబ్బు మీద పోటీకి వెళ్తారు. రెండు జట్లు. మొదటి జట్టు ఎప్పుడూ హెడ్‌మిస్ట్రెస్ గారిదే, ఆవిడ రిటైరై క్లబ్బు నడుపుతోంది. రెండో జట్టులో చోటు కోసం మందుల షాపాయన ఏళ్ళ తరబడి చకోరంలా చూస్తున్నాడు. ఏటా వెంట్రుకవాసిలో తప్పిపోతోంది. ఈసారి ఆదివారాల మార్కుల్లో ఆయనా బావా, అదే చోటు కోసం ఆడుతున్న వడ్రంగి అన్నదమ్ముల కంటే ఓ పిసరు ముందున్నారు. ఈ ఆదివారం ఒక్కటీ గట్టెక్కితే చాలు.

ఇంకో సంగతి కూడా ఉంది. అది ఆయన బావకి చెప్పలేదు. మంగళవారం హెడ్‌మిస్ట్రెస్ గారు బీపీ మాత్రల కోసం షాపుకొచ్చి, చిల్లర తీసుకుంటూ, "నా పార్ట్‌నర్ ఈ పోటీ అయ్యాక ఊరు మారుతున్నారండీ. ఈసారి మీకు చోటు రాకపోతే వచ్చే ఏడాది నాతో కూర్చోండి. మీ బావగారితో ఉన్నన్నాళ్ళూ మీకు ఇంతే" అంది. ఆయనకి లోపల పొంగిపోయింది, మరుక్షణమే బావ గుర్తొచ్చాడు. బావతో ఏమని చెప్తాడు? ఆదివారం గెలిచేస్తే ఆ మాట ఎత్తే పనే ఉండదు కదా అనుకుని అక్కడికి సరిపెట్టుకున్నాడు.

ఆదివారం వచ్చింది. అవతలివాళ్ళు పాట మొదలుపెట్టిన ప్రతిసారీ ఆయన బావ చెయ్యి వైపే చూశాడు. ఆ చెయ్యి పెట్టె మీద కాసేపు తచ్చాడేది. తర్వాత పచ్చ అట్ట వచ్చేది. బల్ల మారినా అదే పచ్చ అట్ట. హమ్మయ్య, ఇవాళ పాపం ముక్కలు రావడం లేదు, అదే మన అదృష్టం అనుకున్నాడు మందుల షాపాయన. తన ఆట తాను ఒద్దికగా ఆడుకున్నాడు. గోడ మీది మార్కులు చూసి వస్తే ఇంకా తామే ముందున్నారు.

చివరి చేతికి ఎదురుగా వచ్చింది వడ్రంగి అన్నదమ్ములే. అన్న "ఒక ఆఠీను" అట్ట పెట్టాడు. బావ తన ముక్కలు ఒకసారి చూసుకుని, తచ్చాడకుండా, "ఒక ఇస్పేటు" పెట్టాడు. తమ్ముడు పాస్ అన్నాడు.

మందుల షాపాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. పెట్టాడయ్యా! వారం తిరిగీ తిరక్కుండానే పెట్టాడు! తన చేతిలో ఇస్పేటు రాజు ఉంది, ఇంకో రెండు ఇస్పేట్లున్నాయి, పక్కన డైమను ఆసు, కళావరు రాజు. ఇలాంటి చేత్తో, బావ నిజమే చెప్తున్నాడనుకుంటే, పాట పైకి ఎత్తాలి. చదువుకున్న పుస్తకాలన్నీ ఎత్తమనే చెప్తాయి. కానీ ఆ పుస్తకాలు రాసినవాళ్ళకి బావలు లేరు. ఎత్తితే అవతలివాడు డబుల్ అంటాడు, నష్టం రెండింతలవుతుంది, జాకీ వెనక చిల్లర ముక్కలతో నిలువునా మునిగిపోతాం. ఇక్కడే తెంచేస్తే పోయేది తక్కువ అనుకుని పచ్చ అట్ట తీసి పెట్టాడు. అన్నగారూ పాస్ అన్నాడు. ఒక ఇస్పేటు దగ్గరే పాట ఆగిపోయింది. ఒకటంటే ఆరు మీద ఒకటి, అంటే పట్టాల్సింది ఏడు.

పాడినవాడు ఆడతాడు, వాడి జట్టువాడు ముక్కలన్నీ బల్లమీద పరిచి చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆయన పరిచాడు. బావ ఆ ముక్కలు చూశాడు, బావమరిదిని చూశాడు, మళ్ళీ ముక్కలు చూశాడు. ఆట మొదలుపెట్టాడు. ఇస్పేటు ఆసు పడింది. వెనకే రాణి, జాకీ. డైమను రాజు, రాణి. కళావరు ఆసు. పెద్ద బొమ్మలు ఒకదాని వెనక ఒకటి నడిచి వస్తుంటే మందుల షాపాయన వాటిని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. బావ పదకొండు పట్టాడు. పది పాడుకున్నా గేమే, కానీ పాడనిదానికి పెద్ద మార్కులు రావు. ఇవే ముక్కలు ప్రతి బల్లకీ తిరుగుతాయి, మిగతా బల్లలన్నిటి దగ్గరా అందరూ గేము పాడుకునే ఉంటారు. ఈ చేతికి వీళ్ళకి గుండుసున్నా.

"పదకొండా!" అన్నాడు తమ్ముడు, నవ్వు ఆపుకోలేక.

మందుల షాపాయన ఆగలేకపోయాడు. "ఇంత చెయ్యి పెట్టుకుని ఒక్క ఇస్పేటంటావా బావా? గట్టిగా ఏదైనా చెప్పి చావొచ్చుగా?"

"చెప్పానుగా. రెండు పెద్ద బొమ్మలు లేకపోతే నోరు విప్పనన్నాను. విప్పాను" అన్నాడు బావ నెమ్మదిగా. "నీ దగ్గర రాజుంటే ఎత్తుతావనుకున్నా."

"నువ్వు మారావని నాకెలా తెలుస్తుంది?"

బావ ముక్కలు సర్దుతూ చెప్పాడు. "ఆ కిటికీ దగ్గర బల్లలో నాకు జాకీతో కలిపి ఐదు ఇస్పేట్లొచ్చాయి. పాస్ అన్నా. తర్వాత బల్లలో రాణితో కలిపి ఐదు ఆఠీన్లు. చెయ్యి పెట్టె దాకా పోయింది, వెనక్కి లాక్కున్నా. పాస్. మధ్యాహ్నం నుంచీ నోరు కట్టేసుకుని కూర్చున్నానురా, నువ్వు చెప్పావనే. అది నువ్వు చూడలేదా?"

చూశాడు. పచ్చ అట్టలన్నీ చూశాడు. అదృష్టమనుకున్నాడు.

మార్కులు గోడకి అంటించారు. రెండో చోటు వడ్రంగి అన్నదమ్ములకి పోయింది, అదీ వెంట్రుకవాసిలోనే. హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళజోడు సవరించుకుని ఆ రోజు పంచిన చేతులూ, వాటి మీద ఎవరేం పాడారో రాసిన కాగితం మొదటి నుంచీ చివరిదాకా చదివింది. చదివి వీళ్ళ వైపే నడిచి వచ్చింది. మందుల షాపాయన లేచి చొక్కా సర్దుకున్నాడు. ఏం చెప్పాలి? బావ ఎదురుగానే అడిగేస్తుందా?

ఆవిడ ముందు ఆయన వైపు తిరిగింది. "ఆ చేత్తో పాస్ ఎలా అన్నారండీ మీరు?"

సమాధానం కోసం ఆగకుండానే ఆవిడ బావ వైపు తిరిగింది. "ఇవాళ మీరు ఒక్కచోట కూడా అడ్డగోలుగా దూరలేదు. వచ్చే ఏడాది నాతో కూర్చుంటారా?"

బావ బిత్తరపోయాడు. "నేనా? ఆలోచించుకుని చెప్తానండీ" అన్నాడు.

తిరుగు దారిలో కారు బావే నడిపాడు. సందులు కనిపించినా ఎక్కడా దూర్చలేదు. మందుల షాపాయనకి ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొస్తున్నాయి. ఎవరిమీద కోపమో తేలక కిటికీ అద్దం పైకీ కిందకీ తిప్పుతూ కూర్చున్నాడు. తిట్టి తిట్టి మనిషిని దారిలో పెట్టింది తను. దారిలో పడ్డాక ఎత్తుకుపోతున్నది ఆవిడ. అక్కకి తెలిస్తే పడీపడీ నవ్వుతుంది.

ఇంటి ముందు కారు ఆగింది. బావ ఇంజను ఆపలేదు.

"ఆవిడకి ఏం చెప్పమంటావు?" అన్నాడు. "నువ్వు ఉండమంటే ఉంటాను. నాకు ఆవిడతో ఏం పనిరా? కానీ ఒక్కసారి నీ నోటితో ఉండమను."

ఉండు బావా అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మంగళవారం షాపులో ఆవిడ అడిగినప్పుడు లోపల పొంగిన పొంగు గుర్తొచ్చింది. మెట్ల మీద నవ్వినవాళ్ళు గుర్తొచ్చారు. జాకీతో కలిపి ఐదు ఇస్పేట్లు పట్టుకుని నోరు కట్టేసుకున్న బావ గుర్తొచ్చాడు. ఇన్నీ అడ్డం పడేసరికి మాట కాస్తా గొంతులోకి జారిపోయింది. ఆయన కారు తలుపు పిడి పట్టుకుని, ఎదురింటి గేటు వైపు చూస్తూ ఉండిపోయాడు.

బావ చాలాసేపు ఎదురుచూశాడు. బల్ల దగ్గర చూసినట్టే, మొహంలో ఏమీ కనపడనీయకుండా చూశాడు.

"పాసేనా?" అన్నాడు చివరికి.

మందుల షాపాయన దిగి తలుపు వేశాడు. కారు మలుపు తిరిగి, ఎర్ర దీపాలు కనపడకుండా పోయాక గానీ ఆయనకి నోరు పెగల్లేదు.

"ఉండు బావా" అన్నాడు, ఖాళీ వీధిలో నిలబడి.